పూసలపనికి వచ్చిన క్రొత్త బడి



మా ముప్కాల్ గ్రామమున నలుగురు పెద్దలు ఒకచోట కూడినప్పుడు తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. ఇంటిలోని ఆడపిల్లలు, కోడండ్రు ఎప్పుడు చూచినను ఫోనులోనే తల వంచుకొని యున్నారని. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఫోనులో చూచునదంతయు నొక్కటి కాదు. పొద్దు పుచ్చుటకై చూచుట యొకటి. చేతిపని నేర్చుకొనుటకై చూచుట మఱియొకటి. దూరమునుండి చూచువారికి రెండును ఒక్కటిగానే కనబడును. అందుచేత ఈ రెండవదానిని గూర్చి నేడు కొంత మనవి చేయదలచితిని. మా మనుమరాలు పాలిమర్ క్లే అను క్రొత్త మట్టితో పూసలు, కమ్మలు, హారములు చేయుట ఫోనులోని ఉచిత పాఠములను చూచియే నేర్చుకొనుచున్నది. రెండు సంవత్సరములుగా ఆమె ప్రక్కన కూర్చుండి చూచుచున్నవాడను గనుక, ఆ పనిలోని మంచియు, కష్టమును, మనవంటి పెద్దలు అందు చేయదగిన సాయమును కొంతవఱకు తెలిసికొంటిని.

మొదట ఈ మట్టి యెట్టిదో చెప్పెదను. పేరునకు మట్టియే గాని, ఇది కుమ్మరి తెచ్చు చెరువుమట్టి కాదు. నీళ్ల గొట్టములకు వాడు పీవీసీ యను ప్లాస్టిక్కును మెత్తని పొడి చేసి, దానిని మెత్తపఱచెడు ద్రవమును, రంగును కలిపి పిసికిన ముద్ద ఇది. చెరువుమట్టి గాలి తగిలిన నెండిపోవును; ఇది యెండదు. ఎండ తగులకుండ నీడపట్టున నుంచినచో నెలల తరబడి మెత్తగానే యుండును. వేడి తగిలినప్పుడే గట్టిపడును. హైదరాబాదు లాడ్‌బజారులో గాజులు చేయువారు వాడు లక్క వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడును. మరల కాచిన మరల మెత్తబడును. ఈ క్రొత్త ముద్ద స్వభావము దానికి విరుద్ధము. ఒకసారి తగిన వేడిలో గట్టిపడినచో, కాలిన కుండ మరల మట్టి కానట్లు, ఇదియు మరల ముద్ద కాదు.

దీని పుట్టుక జర్మనీ దేశమున. కేతె క్రూజె అను బొమ్మల తయారీదారు తన బొమ్మల తలలకు తగిన పదార్థమును వెదకుచుండగా, 1939 ప్రాంతమున ఇట్టి ముద్ద యామె చేతికి వచ్చినది. కర్మాగారపు పనికి అది యామెకు అనుకూలింపలేదు. కాని ఆమె కుమార్తె సోఫీ దానితో ఇంటిలో ఆడుకొనుచు, బొమ్మలు చేయుచు, తుదకు దానిని బాగుపఱచి అమ్మకమునకు తెచ్చెను. సోఫీని ఇంటివారు ముద్దుగా ఫీఫీ యని పిలిచెడివారు. 1960ల నడుమ ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ ఆ విద్యను కొని, ఫీమో అను పేర దేశదేశములకు పంపినది. ఫీఫీ పేరులోని మొదటి యక్షరము ఆ సరకు పేరులో నేటికిని నిలిచియున్నది. ఒక పెద్ద కర్మాగారమునకు పనికిరాని వస్తువు ఒక ఇంటి ఆడుబిడ్డ చేతిలో పనికివచ్చినదన్న సంగతి మనము గమనింపదగినది.

ఇక పని జరుగు తీరు. ముద్దను ముందుగా పావుగంటసేపు చేతితో బాగుగా మర్దించవలెను. చపాతీ పిండిని పిసుకుటవలెనే. చాలినంత పిసుకనిచో అంచులు పగులును. పిమ్మట పూవుల పూసలు చేయు తీరు అన్నిటికంటె చూడముచ్చటైనది. పసుపుపచ్చని ముద్దను పొగాకు చుట్టవలె గుండ్రని కడ్డీగా చేసి నడుమ నుంతురు. ఎఱ్ఱని కడ్డీలను ఐదింటిని దాని చుట్టును రేకులవలె పేర్తురు. సందులలో తెల్లని ముద్ద కూరి, అన్నిటిని ఒక లావు దిమ్మెగా జేర్చి, నలువైపుల సమముగా నొత్తుచు సన్నముగా సాగదీయుదురు. దిమ్మె యెంత సన్నబడినను లోపలి పూవు రూపు చెడదు. పరిమాణము మాత్రమే చిన్నదగును. దోసకాయను ఎక్కడ కోసినను లోపలి గింజల వరుస ఒక్కతీరుగ కనబడునట్లు, ఈ కడ్డీని ఎక్కడ కోసినను అదే పూవు కనబడును. ఆ పలుచని బిళ్లలను గుండ్రని ముద్దపై నంటించి, అరచేతుల నడుమ దొరలించి, సూదితో తొలిచినచో పూవుల పూస తయారగును.

ఈ కడ్డీ విద్య మట్టివారు కనిపెట్టినది కాదు. గాజుపనివారి నుండి తెచ్చుకొన్నది. ఇటలీ దేశీయులు దీనిని మిల్లెఫియోరి యందురు. ఆ మాటకు వేయి పూవులని యర్థము. గాజు కడ్డీలతో ఈ పని చేయుటలో వెనిసు నగరము ప్రసిద్ధి కెక్కినది. అగ్నిభయముచేత 1291లో ఆ నగరపు ప్రభుత్వము గాజు కొలుములనన్నిటిని మురానో ద్వీపమునకు తరలించెను. ఆ పనివారు విద్యను వెంటబెట్టుకొని పరదేశములకు పోరాదని కట్టుదిట్టములు చేసెను. పూస యొకటి చేయు రహస్యమునకు రాజ్యము కావలి కాచినదన్న మాట.

మన దేశమునను పూసలపని చిన్నది కాదు. సంగారెడ్డి దగ్గఱి కొండాపురమున 1940ల తొలి సంవత్సరములలో త్రవ్వకములు జరిపినప్పుడు, సాతవాహనుల కాలపు పూసలు రాతివి, గాజువి, కాల్చిన మట్టివి విశేషముగా దొరకినవి. అక్కడి వస్తు ప్రదర్శనశాలలో నేటికిని వానిని చూడవచ్చును. శ్రీకాళహస్తి సమీపమున పాపానాయుడుపేటలో గాజుపూసల పని తరతరములుగా సాగివచ్చినది. కరగిన గాజును సన్నని గొట్టముగా సాగదీసి, ముక్కలుగా తఱిగి పూసలు చేయు ఆ పద్ధతి రెండువేల యేండ్ల నాటిదని పండితుల నిర్ణయము. అట్టి దక్షిణ దేశపు పూసలు సముద్రములు దాటి తూర్పు ద్వీపములకును, ఆఫ్రికా తీరమునకును పోయినవి. ఇక మన యిరుగున, గోదావరి దాటినంతనే యున్న నిర్మల్ పట్టణమున, నకాషీ కుటుంబములవారు పొనికి కఱ్ఱతో బొమ్మలు చేయుట మీ రెఱిగినదే. ఈ విద్యలన్నియు తండ్రినుండి కొడుకునకు, అత్తనుండి కోడలికి నడచినవి. ఆ యింట పుట్టనివారికి, ఆ యింట మెట్టనివారికి ఆ తలుపు తెఱవబడుట అరుదు.

ఆ తలుపు నేడు తెఱవబడినది. 2005లో అమెరికాలో యూట్యూబు అను సంస్థ పుట్టినది. ఎవరైనను తాము తీసిన చలనచిత్రమును అందుంచవచ్చును. ఎవరైనను రుసుము లేకుండ చూడవచ్చును. 2016 తరువాత మన దేశమున ఫోను మాటలును, ఫోను చిత్రములును చౌకయైనవి. ఆనాటినుండి పల్లెలలోను దీని వాడుక హెచ్చెను. ఆ సంవత్సరముననే మా ముప్కాల్ మండల కేంద్రమైనది. మాకు కార్యాలయములు వచ్చినవి గాని పూసలపని నేర్పు బడి రాలేదు. ఆ బడి మాత్రము ఫోనులో వచ్చినది. అమెరికాలో నొక స్త్రీ తన వంటబల్లపై ముద్దను మర్దించుచుండగా మా మనుమరాలు మా వసారాలో కూర్చుండి ఆమె వ్రేళ్ల కదలికను చూచును. మాట సగమే తెలియును. చేయి మాత్రము పూర్తిగా తెలియును. తెలియనిచోట ఆపి, వెనుకకు త్రిప్పి, పదిమారులు చూడవచ్చును. పదిమారులు అడిగినను విసుగుకొనని గురువు ఇంతకు పూర్వము మనకు దొరకలేదు గదా!

ఉచితముగా నేర్పుటలో వారికేమి లాభమని పెద్దలు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. చూచువారు హెచ్చినకొలది ప్రకటనలవలన వారికి కొంత సొమ్ము వచ్చును. కొందఱు పనిముట్లు, ముద్దలు అమ్ముకొందురు. కొందఱు మొదటి పాఠములు ఊరక చెప్పి, పై పాఠములకు రుసుము కోరుదురు. మఱి కొందఱు తమకు తెలిసినది పదిమందికి చెప్పుటలోని సంతోషము కొఱకే చెప్పుదురు. ఎవరు ఏ తరగతివారో కొంతకాలము చూచిన తెలియును. ఫలానా కంపెనీ ముద్దయే కొనవలెనని మాటిమాటికి చెప్పు పాఠమును కొంచెము సందేహముతో వినవలెనని మా మనుమరాలికి చెప్పితిని.

అయినను ఈ గురువునకు ఒక లోపము కలదు. అతడు చూపును గాని చూడడు. శిష్యురాలి చేయి ఎక్కడ తప్పినదో అతనికి కనబడదు. కడ్డీని ఒకవైపే గట్టిగా నొత్తినచో పూవు వంకర పోవును. ఆ వంకర ఫోనునకు తెలియదు. మూడవ మారును వంకరగానే వచ్చినప్పుడు, "ఆగు, నీ బొటనవ్రేలు బరువు పెట్టుచున్నది" అని చెప్పుటకు ప్రక్కన మనిషి యుండవలెను. ఆ మనిషికి పూసలపని రానక్కఱలేదు. చూచు కన్ను, ఓర్పు ఉన్న చాలును. ఒకనాడు ఆమె చేసిన పూసలు ఎండుకొమ్మలవలె పటపట విఱిగినవి. "తాతా, ఆమె చెప్పినట్లే చేసిన గదా, గివెందుకు విరిగినయ్?" అని అడిగెను. నాకు కారణము తెలియలేదు గాని, ఆ దినము చేసిన పనినంతయు వరుసగా వ్రాయుమంటిని. వ్రాసి చూడగా దోషము వేడిలో నున్నదని తేలినది.

ఈ పనికి ప్రాణము వేడియే. ముద్దల కట్టపై వ్రాసిన వేడి సాధారణముగా 110 మొదలు 130 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు నుండును. ఆ వేడిలో అరగంట యుంచుట వాడుక. వస్తువు లావైన నింకను హెచ్చుసేపు ఉంచవలెను. చాలనిచో పైకి గట్టిగా కనబడినను లోపల బలముండదు, విఱిగిపోవును. మితిమీరిన మాడును. విద్యుత్తు ఓవెను మీద 130 అని త్రిప్పిన మాత్రమున లోపల 130 ఉండునని నమ్మరాదు. లోపల పెట్టు చిన్న ఉష్ణమాపకము నొకటి కొని చూచితిమి. మా ఓవెనులో 130 అని త్రిప్పినను వేడి అంతకు ఎంతయో తక్కువగా నున్నది. నాటినుండి పూసలు విఱుగలేదు. ఈ సంగతి పసుపు పండించు మనకు క్రొత్త కాదు. పసుపు కొమ్ములు తక్కువ ఉడికిన నొక చేటు, ఎక్కువ ఉడికిన నొక చేటు. ఎప్పుడు దింపవలెనో మన పెద్దలు కొమ్మును పుల్లతో పొడిచి, వాసన చూచి తెలిసికొనెడివారు. అదే బుద్ధి ఇక్కడను కావలెను.

జాగ్రత్తలు కొన్ని తప్పక చెప్పవలెను. ఈ ముద్దను గ్యాసు పొయ్యిపై పెనములో కాల్చరాదు, మైక్రోవేవులోను పెట్టరాదు. వేడి 175 డిగ్రీలు దాటినచో ఇది మాడి, ఆమ్లపు పొగ విడుచును. ఆ పొగ కండ్లను, గొంతును మండించును. అట్లయిన వెంటనే విద్యుత్తు నాపి, తలుపులు తెఱచి, పిల్లలను వెలుపలికి పంపవలెను. ఈ పనికి వాడిన కత్తి, కఱ్ఱ, పళ్లెము మరల వంటకు వాడరాదు. ముద్దను పసిపిల్లల నోటికి అందనీయరాదు. కాల్చిన పూసను గరుకు కాగితముతో నునుపు చేయునప్పుడు నీటిలో తడిపి చేయవలెను. పొడి గాలిలో లేవదు. ఓవెను లేనివారికి వేఱొక మార్గము కలదు. మొక్కజొన్న పిండి గంజిపొడిని, తెల్లని జిగురును, కొంచెము నూనెను, నిమ్మరసమును కలిపి సన్నని మంటపై కలియబెట్టి చేయు ముద్ద గాలికే యెండును. మొక్కజొన్న మన పొలములలోనిదే గదా. కాని ఆ పూసలు నీటికి ఓర్వవు. పై పూత వేయవలెను.

మన ఊళ్లలో ఈ పనికి సాయపడగల కన్ను లింకను ఉన్నవి. కంసాలి తూకమును, అతుకును చూచును. కొక్కెము సరిగా బిగియలేదని, తీగ కొస గీచుకొనునని ఒక్క చూపున చెప్పగలడు. కుమ్మరి పగులు చూచి వేడి తప్పును చెప్పగలడు. పూసలవారు గంప నెత్తిన పెట్టుకొని ఊరూర తిరిగి, పూసలు, సూదులు, దువ్వెనలు అమ్మినవారు. ఏ రంగు ఏ వయసు స్త్రీ కోరునో, నల్లపూసల పేరులో ఎన్నిటికొక బంగారు గుండు వేసిన అందమో వారికి తెలిసినట్లు ఫోనులోని గురువునకు తెలియదు. మా మనుమరాలు మొదట సీమదేశపు పూవులే చేసెడిది. పూసలమ్ము ఒక అవ్వ చూచి, "బిడ్డా, గీ పూవు మనూర్ల ఎవరికెరుక? తంగేడు పూవు చెయ్యి, బతుకమ్మకు కొంటరు" అన్నది. ఆ మాట ఏ పాఠములోను లేదు. తంగేడు పూవుల కమ్మలే నేడు ఆమెకు ఎక్కువగా అడుగబడుచున్నవి.

సొమ్ము సంగతి దాచక చెప్పెదను. మన జిల్లాలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. నడుము వంగును, పొగాకు ధూళి రొమ్మున చేరును. అయినను లెక్కకు కూలి వచ్చును, కార్డు ఉన్నవారికి భవిష్యనిధి ఉన్నది. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, ఒక్క పనినే నమ్మినవారి యిండ్లు ఏ కష్టము పడినవో చూచితిమి. కావున పూసలపని వచ్చినదని బీడీ చేట నొక్కసారిగా విడువుమని నేను చెప్పను. ఈ పనికి కూలి కట్టువారు లేరు, నిధి లేదు, కొనువారు వచ్చిననే సొమ్ము. మొదటి సంవత్సరము నేర్చుకొనుటకే పోవును. ముద్ద ఖర్చు, తీగ ఖర్చు, విద్యుత్తు ఖర్చు, విఱిగినవాని ఖర్చు వ్రాసికొని, పట్టిన గంటలు లెక్కించి, పిమ్మట వెల కట్టవలెను. గంటలు లెక్కింపనివారు తమ కష్టమును ఊరక ఇచ్చివేయుదురు.

మోసములును కలవు. "ఇంటిలోనే పూసలు గ్రుచ్చి మాకిండు, నెలకింత జీతము, ముందుగా ఇంత కట్టుడు" అని ఫోనులో వచ్చు మాటలను నమ్మరాదు. పని ఇచ్చువాడు సొమ్ము ఇచ్చును గాని, ముందు సొమ్ము అడుగడు. అప్పు చేసి యంత్రములు కొనరాదు. చపాతీ కఱ్ఱ, పదునైన కత్తి, సూది, ఉష్ణమాపకము ఇవి చాలును. ఒకరు కల్పించిన నగను ఉన్నదున్నట్లు చేసి తనదని అమ్ముటయు న్యాయము కాదు. నేర్చుకొనుటకు అనుకరింపవచ్చును, అమ్ముటకు తన చేతి పోకడ ఉండవలెను.

ఇక మనము చేయదగిన పనులు. పిల్ల ఏమి చూచుచున్నదో గదమాయించి అడుగుటకు మాఱుగా, ప్రక్కన కూర్చుండి ఒక పాఠము చూడుడు. అది చేతిపని పాఠమైనచో, దినమున కొక గంట ఆమెను ఎవరును పిలువకుండ నియమము చేయుడు. ఇంటి కోడలికి ఆ గంట దొరకుట ముద్ద దొరకుటకంటె కష్టము. దానిని ఇప్పింపగలవారు పెద్దలే. కిటికీ వెలుతురు వచ్చుచోట ఒక బల్ల ఇప్పింపుడు. ఒకే పాఠమును పదిమారులు చేయుమనుడు. పది పాఠములను ఒక్కొక్కమారు చూచినవారికి చేయి కుదురదు. చేసిన వస్తువును చూచి బాగుగా లేనిచో బాగుగా లేదనియే, కాని నెమ్మదిగా చెప్పుడు. మహిళా సంఘములవారు నెలకొకసారి కూడునప్పుడు ఆ పూసలను పదిమంది ముందు పెట్టింపుడు. అంగడిలోను, జాతరలోను ఒక మూల చోటు చూపుడు.

కడపట ఒక్క మాట. పూర్వము విద్య నేర్చినవాడు గురుదక్షిణ ఇచ్చెడివాడు. ఈ గురువులు ఎక్కడివారో తెలియదు. దక్షిణ పంపుటకు చిరునామా లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెనుండి గంగవ్వ మొదలైనవారు మన పల్లె మాటను, మన పల్లె నడవడిని అదే యూట్యూబు ద్వారా లోకమునకు చూపుచున్నారు. పల్లెవారు చూచువారే కాక చూపువారును కాగలరని దీనివలన తేలుచున్నది. పూసలపని పాఠములు మన తెలుగున ఇంకను చాలినన్ని లేవు. అందుచేత మా మనుమరాలికి నేను పెట్టిన నియమము ఒకటే: తనకు ఉచితముగా వచ్చినదానిని మఱి యిద్దఱు పిల్లలకు ఉచితముగా నేర్పవలెనని. ఇప్పుడు శనివారము సాయంకాలము మా వసారాలో ముగ్గురు కూర్చుండుచున్నారు. వారిలో నొకతె తల్లి బీడీలు చుట్టును. ఆమె పనిచేయుచునే మధ్యమధ్య తలయెత్తి కూతురి చేతివంక చూచుచుండును. ఆ తల్లి కూతురిని ఆ గంటసేపు పని కొఱకు పిలువదు. మీ గ్రామమున అట్టి పిల్ల యున్నచో, ఆమెకును ఆ గంటను ఇప్పింపుడని నా మనవి.